విద్యుత్ కనెక్షన్లకు తుప్పు, చిలుము పట్టకుండా కాపాడుకోవడం: తీరప్రాంత ఇళ్లు, బోర్లు, రొయ్యల చెరువుల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కరెంటు సామాను త్వరగా పాడవుతుందన్నది అందరికీ అనుభవమే. అయితే దాన్ని ఆపడానికి చాలామంది మొదట అడిగేది "ఏ గ్రీజు పూయాలి?" అని. ఆ ప్రశ్నకు కింద సమాధానం ఉంది గాని, అది రెండో ప్రశ్న. కనెక్షన్ శుభ్రంగా, బిగుతుగా, సరిపడే లోహంతో చేయడం మొదటి పని. గ్రీజు, టేపు, పెట్టె అప్పటికే బాగున్న కనెక్షన్‌ను బాగుగా నిలబెడతాయే తప్ప, చెడిపోయినదాన్ని బాగుచేయలేవు.

ఇక్కడ చెప్పిన ఏ పనైనా మెయిన్ స్విచ్చు ఆపి, ఫ్యూజులు తీసి, మూడు ఫేజుల మీదా కరెంటు లేదని మీటరుతో చూసుకున్న తరువాతే చేయాలి. మీటరు, దానికి ముందున్న సర్వీసు వైరు విద్యుత్ పంపిణీ సంస్థవి. వాటి జోలికి వినియోగదారుడు వెళ్లకూడదు. అక్కడ లోపం కనిపిస్తే 1912 నంబరుకు ఫోన్ చేయాలి.

తుప్పు పట్టినా కరెంటు వస్తూనే ఉంది కదా, నష్టం ఏమిటి?

నష్టం వేడి రూపంలో వస్తుంది. రెండు లోహాలు తాకే చోట పల్చటి తుప్పు పొర చేరగానే అక్కడ నిరోధం పెరుగుతుంది. ప్రవాహాన్ని ప్రవాహంతో హెచ్చించి, దాన్ని నిరోధంతో హెచ్చిస్తే ఎంత విద్యుత్తు వేడిగా మారుతుందో తెలుస్తుంది. 3 కిలోవాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. ప్లగ్గు పిన్ను దగ్గర కేవలం 0.1 ఓమ్ అదనపు నిరోధం ఏర్పడితే దాదాపు 17 వాట్ల వేడి ఆ గోరంత చోటులోనే పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్టు లోపల ఆపకుండా పెట్టి ఉంచినట్లే లెక్క. వేడికి పిన్నును పట్టుకునే ఇత్తడి రెక్కల బిగువు సడలుతుంది, బిగువు సడలితే నిరోధం ఇంకా పెరుగుతుంది, ఆ పెరిగిన నిరోధం మళ్లీ వేడిని పెంచుతుంది. ఈ చుట్టు మొదలైన తరువాత సాకెట్టు పసుపు రంగుకు తిరిగి, ఆపైన నల్లబడి, చివరికి కరిగే వరకు ఆగదు.

ఎంసీబీ (తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చు) ఉంది కదా, అది ఆపదా అని కొందరు అడుగుతారు. ఆపదు. ఎంసీబీ చూసేది ఎక్కువ ప్రవాహాన్ని, షార్టు సర్క్యూట్‌ను మాత్రమే. తుప్పు పట్టిన కనెక్షన్ దగ్గర ప్రవాహం మామూలుగానే ఉంటుంది, ఇంకా చెప్పాలంటే కొంచెం తగ్గుతుంది కూడా. మూడు ఫేజుల మోటారు విషయంలో నష్టం మరో దారిలో వస్తుంది: ఒక ఫేజు కనెక్షన్ బలహీనపడితే మిగిలిన రెండు ఫేజుల మీద భారం పడి వైండింగు కాలిపోతుంది. మోటారు కాలిందని రీవైండింగుకు వేలకు వేలు పోసి, స్టార్టరులోని చిలుము పట్టిన లగ్గును (తీగ చివరకు తొడిగి, బోల్టుతో బిగించే లోహపు ముక్కను) అలాగే వదిలేస్తే, అదే మోటారు మళ్లీ కాలుతుంది.

ఇనుముకు తుప్పు సరే, రాగి తీగకు పచ్చగా, నల్లగా ఎందుకవుతుంది?

రాగి గాలిలో ముందు గోధుమ ఎరుపుకు, వేడి తగిలితే నలుపుకు తిరుగుతుంది. ఇవి రెండూ ఆక్సైడులే. ఉప్పు, తేమ చేరితే పచ్చటి చిలుము వస్తుంది. అల్యూమినియం మీద తెల్లటి పొడి, గాల్వనైజ్ చేసిన ఇనుము మీద మొదట తెల్లటి పొడి, జింకు పూత పోయాక ఎర్రటి తుప్పు కనిపిస్తాయి. ఆలయ శిఖరం మీదనో, బిందె మీదనో పచ్చటి పొర రాగిని కొంతవరకు కాపాడుతుంది గాని, టెర్మినల్ లోపల అది శత్రువే. అందులోని క్లోరైడు తేమను పీల్చుకొని, ఆ తేమలో మళ్లీ రాగిని తింటూ పోతుంది.

తీగ విషయంలో ఒకటి గమనించాలి. పైన కనిపించే లగ్గు ఒక్కదాన్ని తోమితే సరిపోదు. సన్నటి పోగుల తీగ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. లగ్గుకు వెనక రెండు మూడు అంగుళాల దాకా ఇన్సులేషన్ విప్పి చూస్తే పోగులన్నీ నల్లగా, పెళుసుగా, ప్లయరుతో వంచితే పుటుక్కున విరిగేలా ఉండటం తీరప్రాంతపు స్టార్టర్లలో మామూలు దృశ్యం. అలాంటి చోట మెరిసే రాగి కనిపించే దాకా తీగను వెనక్కి కోసుకుంటూ వెళ్లి, అక్కడ కొత్త లగ్గు వేయాలి. నల్లబడిన పోగుల మీద కొత్త లగ్గు వేసి నొక్కడం డబ్బు దండగ.

మా ఊరు సముద్రానికి దూరం. మాకు ఈ బెడద ఉండదా?

తక్కువగా ఉంటుంది, లేకుండా పోదు. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీటిని పీల్చుకొని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, అది 33 శాతం దగ్గరే తేమను పట్టుకుంటుంది. అందుకే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఒకసారి ఉప్పు చేరిన టెర్మినల్ మిట్టమధ్యాహ్నం కూడా పూర్తిగా ఆరదు. హైదరాబాదులోనో, వరంగల్లులోనో ఆ ఉప్పు ఉండదు. కానీ స్నానాల గది ఆవిరి, మురుగు కాలువ వాయువులు, ఎరువుల గోదాములు అక్కడా ఉన్నాయి. మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు రాగిని, వెండిని నల్లబరుస్తుంది. కోళ్లఫారాల్లో, పశువుల కొట్టాల్లో పుట్టే అమ్మోనియా ఇత్తడి టెర్మినళ్లను పగిలేలా చేస్తుంది. కోళ్లఫారం స్విచ్చుబోర్డును షెడ్డు లోపల కాకుండా బయటి గోడకు, నీడ పట్టున పెట్టించడం ఏ గ్రీజు కన్నా మేలు.

రాగి తీగను, అల్యూమినియం తీగను కలిపి మెలితిప్పవచ్చా?

కూడదు. మన ఇళ్లకు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు చాలాచోట్ల అల్యూమినియం, ఇంటి లోపలి వైరింగు రాగి. ఈ రెండూ కలిసే చోటే ఎక్కువ జాయింట్లు కాలుతాయి. దీనికి మూడు కారణాలు తోడవుతాయి.

ఒకటి, రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకితే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. వాటిలో తేలికగా కరిగే లోహం, అంటే ఇక్కడ అల్యూమినియం, తినబడుతుంది. రెండు, అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే గట్టి ఆక్సైడు పొరను కప్పుకుంటుంది. ఆ పొర విద్యుత్తును పోనివ్వదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, దాని ఆక్సైడు 2,000 డిగ్రీలు దాటినా కరగదు, కాబట్టి జాయింటు వేడెక్కితే ఆ పొర తనంతట తాను పోతుందని ఆశించడానికి లేదు. మూడు, వేడికి అల్యూమినియం రాగి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, పైగా మెత్తని లోహం కనుక స్క్రూ కింద మెల్లగా నలిగి జారుతుంది. నెలల తరబడి వేడెక్కడం, చల్లారడం జరిగిన తరువాత బిగించిన స్క్రూ వదులవుతుంది.

దీనికి సరైన పరికరం బైమెటల్ లగ్గు. తీగ దూరే గొట్టం అల్యూమినియంతో, బోల్టు పట్టే చదును భాగం రాగితో ఉంటాయి. రెండింటినీ కర్మాగారంలోనే అతికించి ఉంచుతారు కాబట్టి వాటి మధ్యకు తేమ చేరదు. అల్యూమినియం తీగను వైరు బ్రష్షుతో తోమిన వెంటనే, మళ్లీ పొర కట్టకముందే, జాయింటు కాంపౌండు పూసి లగ్గులో దూర్చి క్రింపింగు మిషనుతో నొక్కాలి. ఆ కాంపౌండులో ఉండే జింకు రేణువులు నొక్కినప్పుడు ఆక్సైడు పొరను చీల్చుకొని లోపలికి దిగుతాయి.

ఆరుబయట రెండు లోహాలూ దగ్గరగా ఉండక తప్పని చోట అల్యూమినియం పైన, రాగి కింద ఉండేలా చూడాలి. రాగి మీద నుంచి జారిన వాన నీటిలో కొద్దిగా రాగి కరిగి ఉంటుంది, ఆ చుక్కలు కిందనున్న అల్యూమినియం మీద పడితే గుంటలు పడతాయి.

తీగలను మెలితిప్పి టేపు చుడితే చాలదా?

మెలితిప్పిన జాయింటులో పోగులు కొన్ని బిందువుల దగ్గరే తాకుతాయి. వాటి సందుల్లో గాలి, తేమ తిరుగుతూనే ఉంటాయి. సరైన కొలత లగ్గును, సరైన డైతో (నొక్కే అచ్చుతో) నొక్కితే పోగులు, గొట్టం ఒకదానిలో ఒకటి ఒదిగి గాలి కూడా దూరని ముద్ద అవుతాయి. తీరప్రాంతంలో ఈ తేడాయే జాయింటు ఆయుష్షును నిర్ణయిస్తుంది. కటింగ్ ప్లయరుతో నొక్కిన లగ్గు క్రింపింగు చేసినట్లు కనిపిస్తుంది గాని, గట్టిగా లాగితే ఊడివస్తుంది. అలా లాగి చూడటమే సులువైన పరీక్ష. లగ్గు కొనేటప్పుడు ఎర్రటి రాగి లగ్గు కాకుండా వెండిలా మెరిసే తగరం పూత లగ్గును అడగండి. ధరలో తేడా స్వల్పం.

సోల్డరింగు చేసిన పోగులను స్క్రూ టెర్మినల్ కింద బిగించే అలవాటు కొందరికి ఉంది. మెత్తటి సోల్డరు ఒత్తిడికి మెల్లగా నలిగిపోయి స్క్రూ వదులవుతుంది, కనుక అది మంచిది కాదు. అక్కడ పిన్ను లగ్గు వాడాలి. సోల్డరింగు తప్పనిసరైన చోట రోజిన్ ఫ్లక్సునే వాడాలి. రేకుల పనివారు వాడే ఆమ్లపు ఫ్లక్సు కడిగినా పూర్తిగా పోదు, కొన్నాళ్లకు అదే తీగను తింటుంది.

బోల్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సముద్రతీరంలో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా 316 రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే స్టెయిన్‌లెస్ స్టీలు విద్యుత్తును బాగా పోనివ్వదు. కాబట్టి లగ్గుకు, టెర్మినల్ ప్లేటుకు మధ్య స్టీలు వాషరు ఎప్పుడూ పెట్టకూడదు. లగ్గు నేరుగా ప్లేటును తాకాలి. వాషరు, స్ప్రింగు వాషరు, నట్టు ఆ పైన రావాలి. ఈ ఒక్క వరుస తారుమారు కావడం వల్ల కాలిన టెర్మినల్ బ్లాకులు ఎన్నో.

ఏ గ్రీజు పూయాలి? వాజిలైన్ పనికివస్తుందా?

నీడలో ఉండే బ్యాటరీ టెర్మినళ్లకు, ఎర్తింగు బోల్టులకు వాజిలైన్ పనికివస్తుంది. చవక, దొరుకుతుంది, నీటిని దగ్గరికి రానివ్వదు. దాని లోపం ఏమిటంటే వేడికి త్వరగా కరుగుతుంది. మే నెల ఎండలో మాడే ఇనుప పెట్టెలో పూసింది పూసినట్లు ఉండదు, కిందికి కారి దుమ్మును అంటించుకుంటుంది. రబ్బరు వాషర్లకు, సీళ్లకు తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఎండ పడే పెట్టెల్లో, రబ్బరు ఉన్న ప్లగ్గుల్లో సిలికాన్ గ్రీజు మేలు. వేడికి కారదు, రబ్బరును పాడుచేయదు.

కానీ సిలికాన్ గ్రీజుకు కూడా పోకూడని చోటు ఒకటుంది. కాంటాక్టరు (స్టార్టరు లోపల మోటారుకు కరెంటు కలిపి, తెంచే భాగం), రిలే, స్విచ్చు వంటి, నిప్పురవ్వ పుట్టే కాంటాక్టుల దగ్గరకు దాన్ని రానివ్వకూడదు. రవ్వ వేడికి సిలికాన్ ఇసుక వంటి పొరగా మారి కాంటాక్టు మీద కూర్చుంటుంది, ఆ పొర విద్యుత్తును అడ్డుకుంటుంది. స్టార్టరులో లగ్గులకు పూయండి, కాంటాక్టరు లోపల పూయకండి.

ఈ గ్రీజులేవీ విద్యుత్తును పోనిచ్చేవి కావు. అందుకే ముందు లోహాన్ని మెరిసేలా తోమి, లగ్గు పెట్టి, బోల్టు పూర్తిగా బిగించి, ఆ తరువాత బయట నుంచి అన్ని వైపులా కప్పేలా పూయాలి. పల్చగా ముందే పూసి బిగించినా, ఒత్తిడికి గ్రీజు పక్కకు జరిగి లోహం లోహాన్ని తాకుతుంది కాబట్టి ప్రమాదం లేదు. మందంగా పూసి వదులుగా బిగిస్తేనే చిక్కు. మెషినరీ షాపుల్లో దొరికే నల్లటి గ్రాఫైటు గ్రీజు మాత్రం వద్దు. గ్రాఫైటు విద్యుత్తును పోనిస్తుంది కనుక అది ఒక ఫేజు నుంచి మరో ఫేజుకు దారి వేయగలదు.

డబ్ల్యూడీ-40 గురించి కూడా చాలామంది అడుగుతారు. 1953లో అమెరికాలోని శాన్ డియెగోలో తయారైన ఈ ద్రవాన్ని మొదట వాడింది అట్లాస్ క్షిపణి పైరేకుకు తుప్పు పట్టకుండా ఉండటానికి. నీటిని తోసివేయడమే దాని పని, పేరులోని తొలి రెండు అక్షరాలు చెప్పేదీ అదే. తడిసిన ప్లగ్గును ఆరబెట్టడానికి, బిగుసుకుపోయిన నట్టును వదిలించడానికి అది ఎంతో ఉపయోగం. కానీ పల్చటి పొర కనుక వానాకాలం అంతా కాపు కాయదు. దాన్ని కొట్టి, తుడిచి, ఆ తరువాత గ్రీజు పూయాలి. కొట్టిన వెంటనే కరెంటు వేయకూడదు, ఆవిరి పూర్తిగా పోయే దాకా ఆగాలి, ఎందుకంటే అది మండే ద్రవం.

పెట్టె సందులను సిలికాన్ సీలెంటుతో మూయవచ్చా?

మూయవచ్చు, రకం చూసి కొనాలి. బాత్‌రూము టైల్సుకు, అద్దాలకు వాడే చవక సీలెంటు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది అసిటిక్ ఆమ్లం. మూసిన పెట్టెలో ఆ ఆవిరి రాగిని పచ్చబరుస్తుంది. న్యూట్రల్ రకం అని ట్యూబు మీద ముద్రించి ఉన్నదే విద్యుత్ పెట్టెలకు వాడాలి.

స్టార్టరు పెట్టెలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియడం లేదు. పైన రేకు కూడా వేశాం.

వాన నీరు పై నుంచి మాత్రమే రాదు. కేబుల్ వెంట జారి వస్తుంది. కేబుల్ పెట్టె పై భాగం నుంచి దిగితే ఆ కేబులే నీటికి కాలువ అవుతుంది. కేబుల్ ఎప్పుడూ పెట్టె అడుగు నుంచే, గ్లాండు (కేబుల్ చుట్టూ బిగుసుకునే మర బిగింపు) ద్వారా లోపలికి వెళ్లాలి. వెళ్లే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి. చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

వాన లేని రోజుల్లో కూడా తడి కనిపిస్తే అది మంచు. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటకు పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తేమగల బయటి గాలిని పెట్టె లోపలికి పీల్చుకుంటుంది, తెల్లవారుజామున ఆ తేమ చల్లటి రేకు మీద నీటి బిందువులుగా మారి టెర్మినళ్ల మీదికి రాలుతుంది. అందుకని పెట్టెను పూర్తిగా మూయాలన్న పంతం పనికిరాదు. అడుగున, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట, ఐదారు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి ఉంచి, దానికి సన్నని స్టీలు జాలీ అడ్డుపెట్టాలి. జాలీ లేకపోతే చీమలు, బల్లులు లోపల కాపురం పెడతాయి. వాటి మలమూత్రాలు కూడా చిలుముకు కారణమే. వాడని కేబుల్ రంధ్రాలను గుడ్డ పీలికలతో కాకుండా వాటి కోసం దొరికే ప్లగ్గులతో మూయాలి.

పెట్టె కొనేటప్పుడు ఐపీ అంకె చూడాలి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ 54 చిందే నీటికి తట్టుకుంటుంది, ఐపీ 65 దుమ్మును అసలు రానివ్వదు, పైపు ధారకు కూడా తట్టుకుంటుంది. తీరంలో రంగు వేసిన ఇనుప పెట్టె కన్నా ఎండకు తట్టుకునే పాలికార్బనేటు లేదా ఫైబరు పెట్టె మేలని నా అభిప్రాయం. అయితే కొన్నాక అడ్డదిడ్డంగా రంధ్రాలు పొడిస్తే ఏ ఐపీ అంకెకూ విలువ లేదు.

రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల కనెక్షన్లు ఏటా మార్చాల్సి వస్తోంది. మార్గం ఉందా?

ఆకివీడు, భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో చక్రాల ఏరియేటర్లు రాత్రింబవళ్లు నీటిని చిమ్ముతూనే ఉంటాయి. సముద్రం ఎంత దూరాన ఉన్నా, ఉప్పు తుంపర గట్టు మీదే తయారవుతోందన్న మాట. గాలి ఏ వైపు నుంచి ఎక్కువగా వీస్తుందో చూసి, దానికి ఎగువన ఉన్న గట్టు మీద స్టార్టర్ల షెడ్డు కట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది. ఖర్చు లేని ఈ జాగ్రత్తను చాలామంది పట్టించుకోరు.

గట్ల మీద జాయింటును ప్లాస్టిక్ కవరులో చుట్టి తాడుతో కట్టడం అందరూ చేసేదే. అది నీటిని ఆపదు, లోపలికి చేరిన నీటిని బయటకు పోనివ్వదు. విప్పితే చెమ్మగా, మురికి వాసనతో, టేపు జిగురు కరిగి వేళ్లకు అంటుకుంటుంది. ఏరియేటరు దాకా అతుకు లేని ఒకే కేబుల్ వేయడం ఉత్తమం. అతుకు తప్పకపోతే లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకొని తీగను పట్టేసేది) వేసి, అది గట్టు మీద, నేలకు తగలకుండా, గుంజకు ఎత్తున కట్టి ఉండాలి. నీటిలో అతుకు ఎంత మాత్రం ఉండకూడదు.

ఇక్కడ ప్రాణం సంగతి కూడా ఉంది. ఉప్పు నీరు విద్యుత్తును బాగా పోనిస్తుంది. చెరువులోకి దిగినవారు తడి శరీరంతో ఉంటారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే స్విచ్చు) ఇక్కడ తప్పనిసరి. మొత్తం చెరువుకు ఒక్కటే పెడితే పది ఏరియేటర్ల చిన్న చిన్న లీకులు కలిసి మాటిమాటికి పడిపోతుంది. విసిగిపోయిన మనిషి దాన్ని తప్పించి నేరుగా వైరు కలుపుతాడు. ఒకటి రెండు ఏరియేటర్లకు ఒకటి చొప్పున పెడితే ఆ పరిస్థితి రాదు, లీకు ఎక్కడుందో కూడా వెంటనే తెలుస్తుంది.

బోరులో దించే మోటారు కేబుల్ జాయింటు ఎలా ఉండాలి?

మూడు తీగల అతుకులు ఒకే చోట రాకుండా, ఒకదానికొకటి ఐదారు సెంటీమీటర్ల ఎడంగా ఉండాలి. ప్రతి తీగకు రాగి ఫెరూలు (రెండు తీగ చివరలను కలిపే చిన్న గొట్టం) వేసి నొక్కి, జిగురు ఉన్న హీట్‌ష్రింక్ గొట్టం తొడగాలి. గొట్టం అంచుల నుంచి కొద్దిగా జిగురు ఉబికి వస్తే అది సరిగా పట్టినట్లు. టేపుతో చేసే పక్షంలో, తనకు తాను అతుక్కునే రబ్బరు టేపును బాగా సాగదీసి, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టి, పైన పీవీసీ టేపు వేయాలి. సాగదీయకుండా చుట్టిన రబ్బరు టేపు ముద్దగా కలవదు. మోటారు దించే ముందు జాయింటును నీళ్ల బక్కెట్లో ఉంచి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) తీగకు, నీటికి మధ్య చూడాలి. 1 మెగ్ ఓమ్ అన్నది కనిష్ఠం. కొత్త జాయింటుకు అంతకు ఎన్నో రెట్లు చూపాలి.

ఎర్తింగు గుంటలో ఉప్పు వేస్తాం కదా, అదే తుప్పు పట్టించదా?

పట్టిస్తుంది. ఉప్పు, బొగ్గు వేస్తే నేల నిరోధం తగ్గుతుంది, దానితో పాటు గాల్వనైజ్డ్ పైపు ఆయుష్షు కూడా తగ్గుతుంది. ఉప్పు నేలలున్న తీర గ్రామాల్లో మళ్లీ ఉప్పు పోయడం అనవసరం. అక్కడ బెంటొనైటు మట్టి నింపడం మంచిది, అది తేమను పట్టి ఉంచుతుంది. వేసవిలో గుంటలో నీళ్లు పోస్తూ ఉండాలి.

ఎర్తింగులో అసలు ప్రమాదం పైపుకు తీగ కలిసే చోట ఉంటుంది. రాగి తీగను గాల్వనైజ్డ్ పైపు చుట్టూ చుట్టి వదిలేస్తే జింకు పూత అక్కడే ముందు కరిగిపోతుంది. పైపుకు గాల్వనైజ్డ్ పట్టీని, లేదా తగరం పూత లగ్గును బోల్టుతో బిగించి, పైన తుప్పు నిరోధక పూత పూసి, చూడటానికి వీలుగా గుంటకు మూత పెట్టాలి. మిగతా కనెక్షన్లు చెడితే లైటు ఆరుతుంది, మోటారు ఆగుతుంది. ఎర్తింగు తెగిపోతే ఏదీ ఆగదు. ఏ ఫ్రిజ్జు బాడీకో కరెంటు వచ్చిన రోజున గాని ఆ సంగతి బయటపడదు. అందుకే ఏడాదికోసారి ఎర్త్ మీటరుతో కొలిపించడం అవసరం.

ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినళ్లకు తెల్లగా, నీలంగా పేరుకుంటోంది. ఎలా తీయాలి?

బ్యాటరీలోని ఆమ్లపు తుంపర టెర్మినల్ లోహంతో కలిసి ఏర్పడే లవణాలవి. ఇన్వర్టరు ఆపి, ముందు నెగెటివ్ తీగను, తరువాత పాజిటివ్ తీగను విప్పాలి. గ్లాసు నీళ్లలో ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే బుసబుస పొంగి కరుగుతుంది. పొంగు ఆగితే ఆమ్లం విరిగినట్లు. ఆ నీరు మూతల లోపలికి పోకూడదు, పోతే బ్యాటరీలోని ఆమ్లం బలహీనపడుతుంది. మంచి నీటితో కడిగి, ఆరబెట్టి, బిగించి, వాజిలైన్ పూయాలి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. దగ్గరలో దీపం, అగరువత్తి ఉండకూడదు, ఎందుకంటే ఛార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది. శుభ్రం చేసిన కొద్ది వారాలకే మళ్లీ పేరుకుంటే బ్యాటరీ ఎక్కువ ఛార్జి అవుతోందనో, టెర్మినల్ సీలు పగిలిందనో అర్థం. అప్పుడు తోమడం ఆపి కారణం వెతకాలి.

మేడ మీద సోలార్ ప్యానెళ్ల కనెక్టర్లకు ఏమైనా పూయాలా?

పూయనక్కరలేదు. సరిగా బిగించిన ఎంసీ 4 కనెక్టరు (సోలార్ తీగలను కలిపే ప్లగ్గు) నీటిని దానంతట అదే ఆపుతుంది. చెడేది మూడు చోట్ల: వేర్వేరు కంపెనీల మగ, ఆడ కనెక్టర్లను కలిపినప్పుడు, బిగించకుండా మూతలు లేకుండా వానకు వదిలేసినప్పుడు, తీగలు మేడ మీద నిలిచిన నీటిలో పడి ఉన్నప్పుడు. డీసీ కరెంటులో తడి చేరితే పాజిటివ్ వైపు లోహం కరిగి తినబడుతుంది, కాబట్టి ఏసీ వైరు తట్టుకున్న తడిని సోలార్ వైరు తట్టుకోదు. తీగలను ప్యానెళ్ల కింద, ఫ్రేముకు కట్టి ఉంచాలి. ఎండలో ఉన్న ప్యానెల్‌ను ఆపడానికి స్విచ్చు ఉండదు కనుక ఈ కనెక్టర్లను సొంతంగా విప్పే ప్రయత్నం చేయకూడదు.

కాంటాక్టరు కాంటాక్టులు నల్లబడ్డాయి. గరుకు కాగితంతో రుద్దవచ్చా?

వద్దు. అవి వెండి మిశ్రమం. ఆ నలుపు ఎక్కువగా పనికి అడ్డురాదు. రుద్దితే వెండి పోయి, గరుకు కాగితపు రేణువులు అందులో ఇరుక్కుంటాయి. గుంటలు పడి, కరిగి అంటుకుపోయిన కాంటాక్టులను మార్చడమే దారి.

వరదలో స్విచ్చుబోర్డులు మునిగాయి. ఆరబెట్టి వాడుకోవచ్చా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గాక విజయవాడ కాలనీల్లో ఇదే ప్రశ్న ఇంటింటా వినిపించి ఉంటుంది. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, స్విచ్చులు, సాకెట్లు మార్చాల్సిందే. పైకి ఆరినట్లున్నా లోపల బురద స్ప్రింగులను, కాంటాక్టులను పట్టుకొని ఉంటుంది. అవసరమైన రోజున ఎంసీబీ పడకపోతే దాని ధర మిగిల్చుకొని ప్రయోజనం లేదు. పీవీసీ పైపుల్లోని వైర్లు మంచినీటి వరదలో మునిగితే చివరలు కోసి, పైపుల్లో నీరు పోయేలా చేసి, ఆరనిచ్చి, మెగ్గరుతో చూసి వాడుకోవచ్చు. ఉప్పెన నీరు, అంటే ఉప్పు నీరు, చేరితే వైర్లు కూడా మార్చడం మేలు. మోటార్లను మంచి నీటితో కడిగి, వర్క్‌షాపులో వేడిగాలితో ఆరబెట్టి, వార్నిష్ వేయించి, పరీక్షించాకే కలపాలి. పరీక్ష పూర్తయ్యే దాకా మెయిన్ వేయకూడదు.

ఎప్పుడు చూసుకోవాలి? ఎప్పుడు తోమాలి, ఎప్పుడు మార్చాలి?

తీరంలోనైతే ఏడాదికి రెండుసార్లు: నైరుతి వానలకు ముందు మే నెలలో ఒకసారి, అక్టోబరు, నవంబరు తుపాన్లు పోయాక మరోసారి. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. ఉప్పుగాలి అంతగా వీచిన తరువాత ఆరుబయటి పెట్టెలను వెంటనే తెరిచి, కరెంటు ఆపి, మంచి నీటితో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టుకోవాలి. లోతట్టు ప్రాంతాల్లో ఏడాదికోసారి చాలు.

తనిఖీ అంటే పెద్ద పరికరాలు అక్కరలేదు. మోటారు అరగంట నడిచిన తరువాత స్టార్టరు, మెయిన్ స్విచ్చు ఆపి, ఫ్యూజులు తీసి, కరెంటు లేదని మీటరుతో చూసుకొని, మూడు లగ్గులను వరుసగా తాకి చూడండి. ఒకటి మిగతా రెంటి కన్నా వేడిగా ఉంటే లోపం అక్కడుంది. రంగు మారిన ఇన్సులేషన్, కాలిన ప్లాస్టిక్ వాసన కూడా ఆనవాళ్లే.

పైపైన పచ్చదనం ఉండి, కింద లోహం గట్టిగా ఉంటే తోమి బిగించండి. ఇత్తడి గులాబీ రంగుకు తిరిగితే అందులోని జింకు కరిగిపోయి గుల్లబారిన లోహం మిగిలిందని అర్థం, అది బిగిస్తే విరుగుతుంది, మార్చండి. బోల్టు మరలు తిన్నా, ప్లాస్టిక్ బ్లాకు కరిగినా, సాకెట్టులో ప్లగ్గు వదులుగా ఆడుతున్నా మార్చండి. గీజరుకు 16 ఆంపియర్ల సాకెట్టు మారిస్తే దానితో పాటు కాలిన ప్లగ్గును కూడా మార్చాలి, ఎందుకంటే నల్లబడిన పిన్ను కొత్త సాకెట్టును కొద్ది నెలల్లో పాతదాని దారే పట్టిస్తుంది.